అమ్మాయి చేతిలో దయ్యాల నవల

"డాక్టరు గారూ! మా అమ్మాయికి పదహారు నిండాయి. ఇంటర్ చదువుతోంది. ఈమధ్య ఒక ఇంగ్లీషు నవల పట్టుకుంది. రాత్రి ఒంటిగంట దాటినా లైటు ఆర్పదు. ఏముందా అని నాలుగు పేజీలు తిరగేస్తే పెళ్ళి కాకుండా నెల తప్పిన ఆడపిల్లలు, మంత్రాలు, రక్తం! ఇలాంటివి చదివితే పిల్ల మనసు చెడిపోదా? భయంతో జబ్బేదైనా పట్టుకోదా? పుస్తకం లాక్కోమంటారా?"

ఇది ఒక తల్లి ప్రశ్న. రోగిని చూడకుండా మందు రాసే అలవాటు నాకు లేదు. అందుకని ఆ నవల తెప్పించుకుని, నైట్ డ్యూటీ లేని రాత్రుళ్ళు మొదటినుంచి చివరిదాకా చదివాను. జవాబు ముందే చెప్పేస్తాను. పుస్తకం లాక్కోకండి. వీలైతే మీరూ చదవండి. ఎందుకో వినండి.

కథ ఏమిటి?

నవల పేరు 'విచ్‌క్రాఫ్ట్ ఫర్ వేవార్డ్ గర్ల్స్'. దారితప్పిన ఆడపిల్లలకు మంత్రవిద్య అని అర్థం చెప్పుకోవచ్చు. రాసినది గ్రేడీ హెండ్రిక్స్ అనే అమెరికన్ రచయిత. 2025 జనవరిలో వెలువడింది. కథాకాలం 1970 వేసవి. స్థలం ఫ్లోరిడా రాష్ట్రంలోని సెయింట్ ఆగస్టీన్ వూరు. పెళ్ళికాకుండా గర్భం వచ్చిన అమ్మాయిలను దాచిపెట్టే ఒక ఆశ్రమం అక్కడ వుంటుంది. పదిహేనేళ్ళ పిల్ల ఒకతె అక్కడికి చేరుతుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమె పేరు తీసేస్తారు. ఫెర్న్, రోజ్, జిన్నియా, హాలీ అంటూ అందరికీ మొక్కల పేర్లు, పూల పేర్లు పెడతారు. అసలు పేరు ఒకరికొకరు చెప్పుకోకూడదు. కాన్పు అవుతుంది. బిడ్డను ఎవరికో దత్తత ఇచ్చేస్తారు. పిల్ల ఇంటికి వెళ్ళి ఏమీ జరగనట్టు మళ్ళీ బడికి పోవాలి. ఇదీ అక్కడి పద్ధతి.

అక్కడికి పుస్తకాల బండితో వచ్చే ఒక లైబ్రేరియన్ ఈ పిల్లల చేతిలో మంత్రవిద్య పుస్తకం పెడుతుంది. ఆ తర్వాత కథ దయ్యాల దారి పడుతుంది. మిగతాది చెప్పి మీ అమ్మాయి సరదా పాడుచేయను.

మనలో చాలామంది 1980ల్లో 'తులసిదళం' చదివి, రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే పక్కన ఎవరినైనా తోడు తీసుకెళ్ళినవాళ్ళమే. ఆ చేతబడి కథ చదివినందువల్ల ఎవరూ మంత్రగాళ్ళు కాలేదు. ఇదీ అంతే. అయితే ఈ నవలలో మంత్రాలు కల్పితం గాని, ఆశ్రమం కల్పితం కాదు. తల్లులు గమనించవలసింది అక్కడే.

ఆ ఆశ్రమాలు నిజంగానే వుండేవి

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945 నుంచి సుమారు 1973 వరకు అమెరికాలో పెళ్ళికాని తల్లులను ఇలా దూరప్రాంతాలకు పంపేసేవారు. 'పెద్దమ్మ గారింటికి వెళ్ళింది', 'ఒంట్లో బాగాలేదు' అని ఇరుగుపొరుగుకు చెప్పేవారు. ఇలా బిడ్డలను వదులుకున్న తల్లులు దాదాపు 15 లక్షలమంది అని ఒక అంచనా. ఆన్ ఫెస్లర్ అనే రచయిత్రి వందమందికి పైగా అటువంటి తల్లులను కలిసి, వాళ్ళ మాటలను 2006లో పుస్తకంగా తెచ్చింది. జుట్టు నెరిసిన తర్వాత కూడా ఆ బిడ్డను మరిచిపోలేదని వాళ్ళు చెప్పారు.

ఆ పిల్లలకు మరో దారి లేకుండా పోయింది. పెళ్ళికానివారికి గర్భనిరోధక సాధనాలు ఇవ్వకూడదనే చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో 1972 వరకు వుండేవి. ఎక్కువ రాష్ట్రాల్లో గర్భస్రావం నేరం. గర్భం అని తెలిస్తే బడిలోనుంచి పంపేసేవారు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టంతో ఆ పద్ధతికి అడ్డు పడింది. 1973 జనవరిలో గర్భస్రావం హక్కును అక్కడి సుప్రీంకోర్టు గుర్తించింది. అదే కోర్టు 2022 జూన్‌లో ఆ హక్కును కొట్టేసింది. యాభై ఏళ్ళ కిందటి ఈ కథ అక్కడివారికి ఇవాళ మళ్ళీ ఎందుకు పట్టిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

డాక్టరుకు ఎక్కడ భయం వేసింది?

దయ్యాలు వచ్చినచోట కాదు. ఆ పిల్లల్లో ఒకతెకు వేవిళ్ళు విపరీతం. ఏం తిన్నా కక్కేస్తుంది. ఆశ్రమం డాక్టరు దాన్ని లెక్కచేయడు. పిల్లలు నేర్చిన మంత్రంతో ఆ వాంతులను తీసుకెళ్ళి డాక్టరుకే తగిలిస్తారు! చదువుతూ నవ్వుకున్నాను. కాని నవ్వి వదిలేసే సంగతి కాదు. మితిమీరిన వాంతులు మనసులోనుంచి పుట్టేవనీ, బిడ్డ ఇష్టంలేకపోవడం వల్ల వచ్చేవనీ వైద్యులే చాలాకాలం అనుకున్నారు. జీడీఎఫ్ 15 అనే హార్మోను పెరగడం, తల్లి శరీరానికి అది అలవాటు లేకపోవడం దీనికి ముఖ్యకారణమని 2023 డిసెంబరులో వెలువడిన పరిశోధన తేల్చింది. అంటే అది పొగరూ కాదు, నటనా కాదు.

కాబట్టి గర్భిణికి, ఏ వయసైనా సరే, ఒక రోజంతా మంచినీళ్ళు కూడా ఇమడకపోతే, మూత్రం తగ్గి ముదురురంగులో వస్తుంటే, నిలబడితే కళ్ళు తిరుగుతుంటే, బరువు తగ్గిపోతుంటే 'వేవిళ్ళేలే' అనకండి. ఆస్పత్రిలో సెలైను, విటమిను ఇంజెక్షన్లు, వాంతులు ఆపే మందులు వున్నాయి.

రెండో చోటు కాన్పు గది. నవలలో కాన్పు ఘట్టాలు చాలా వివరంగా, చాలా క్రూరంగా వున్నాయి. రచయిత ఎక్కువ చేశాడనిపించవచ్చు. కాని ఆ కాలం అమెరికన్ ఆస్పత్రుల్లో మార్ఫిన్, స్కోపొలమిన్ కలిపి ఇచ్చి 'ట్వైలైట్ స్లీప్' అనే మత్తులో కాన్పులు చేసిన మాట వాస్తవం. ఆ మందు జ్ఞాపకాన్ని చెరిపేసేది గాని నొప్పిని పూర్తిగా తీసేది కాదు. తల్లులు కొట్టుకుంటూ వుంటే చేతులు కట్టేసేవారు. 1958లో 'లేడీస్ హోం జర్నల్' పత్రిక ఈ సంగతి బయటపెడితే, తమకూ ఇలాగే జరిగిందని తల్లులు ఉత్తరాలు రాశారు. పెళ్ళయిన ఇల్లాళ్ళకే ఆ గతి అయితే, పేరు కూడా లేని పదిహేనేళ్ళ పిల్లకు ఏం మర్యాద జరుగుతుంది?

ఈ పుస్తకంలో అసలు భయంకరమైనది ఒకటే. తన ఒంట్లో ఏం జరుగుతోందో, రేపు ఏం జరగబోతోందో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. నొప్పులు ఎలా వస్తాయి, ఎంతసేపు వుంటాయి, బిడ్డ ఎలా బయటికి వస్తుంది, ఒక్క ముక్క చెప్పరు. తెలియనివ్వని చోట మంత్రం పుస్తకం వచ్చి కూర్చుంటుంది.

కటి ఎముకకు తాళిబొట్టు తెలియదు

'అదంతా అమెరికా గొడవ, మనకెందుకు?' అంటారేమో. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో అప్పటికే తల్లులైనవారు, గర్భంతో వున్నవారు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 12.6 మంది. తెలంగాణలో 5.8. దేశం మొత్తం మీద 6.8. మన దగ్గర వీరిలో ఎక్కువమంది మెడలో తాళి వున్నవారే. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయింది.

తేడా గమనించండి. ఆ నవలలో పదిహేనేళ్ళ పిల్ల గర్భాన్ని పరువు తక్కువని దాచిపెట్టారు. మనం అదే వయసు పిల్లకు సీమంతం చేసి చేతినిండా గాజులు తొడుగుతాం. మొదటిది ఘోరం అనిపిస్తుంది, రెండోది శుభకార్యం అనిపిస్తుంది. కాని శరీరానికి ఈ తేడా తెలియదు. పొడుగు ఎదగడం ఆగిపోయిన తర్వాత కూడా కటి ఎముకలు కొంతకాలం ఎదుగుతూనే వుంటాయి. అవి పూర్తిగా ఎదగకముందు కాన్పు వస్తే బిడ్డ తల అడ్డుపడే ప్రమాదం ఎక్కువ. ఆ వయసులో తన ఎదుగుదలకే చాలని రక్తం బిడ్డకూ పంచాలి. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ 15-19 ఏళ్ళ పిల్లల్లో నూటికి అరవైమందికి పైగా రక్తహీనత వున్నట్టు తేలింది. నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ బిడ్డలు, కాన్పు తర్వాత చీము పట్టడం, ఇవన్నీ ఇరవై దాటిన తల్లులకంటె ఈ పిల్లల్లో ఎక్కువ.

గాలి కాదు, గుర్రపువాతం

మంత్రాల విషయంలో నేను ఇంకొక మాట చెప్పాలి. నవలలో మంత్రం కథకు అలంకారం. మన వూళ్ళలో అది కొన్నిసార్లు ప్రాణం తీస్తుంది. తొలిచూలు గర్భిణి, చిన్న వయసు. ఏడో నెల దాటాక ముఖం, చేతులు వాస్తాయి. తలనొప్పి తగ్గదు. కళ్ళముందు మెరుపులు, మసక. డొక్కల పైభాగంలో నొప్పి. ఉన్నట్టుండి కళ్ళు తేలేసి, పళ్ళు గిట్టకరచి కొట్టుకుంటుంది. చూసినవాళ్ళు గాలి సోకిందంటారు, ఎవరో చేయించారంటారు. వేపమండలు, విభూతి, దిగదుడుపు అయ్యేసరికి తెల్లవారుతుంది.

దీన్ని మన పెద్దలు గుర్రపువాతం అనేవారు. వైద్యంలో ఎక్లాంప్సియా. రక్తపు పోటు పెరిగి వచ్చే మూర్ఛ ఇది. మొదటి గర్భంలో, అందులో చిన్నవయసు తల్లుల్లో ఎక్కువ. దీనికి మెగ్నీషియం సల్ఫేట్ అనే చవక ఇంజెక్షన్ వుంది. 33 దేశాల్లో పదివేలమందికి పైగా గర్భిణుల మీద జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో, పోటు వున్న తల్లులకు ఈ మందు ముందుగా ఇస్తే మూర్ఛ వచ్చే ప్రమాదం సగానికి తగ్గుతుందని రుజువైంది. ప్రతి చెకప్పులోనూ పోటు, మూత్రం చూసేది ఇందుకే. పోటు 140/90 గాని ఆపైన గాని వుంటే ఆలస్యం చేయవద్దు. మూర్ఛ వస్తే ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టవద్దు. తాళాలు చేతికివ్వడం, వుల్లిపాయ వాసన చూపించడం మానండి. వెంటనే 108కి ఫోను చేయండి.

పుస్తకం ఎవరు చదవచ్చు?

ఇక ఉత్తరం రాసిన తల్లి అసలు సందేహం. భయపెట్టే కథ చదివితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేతులకు చెమట పడుతుంది. అడ్రినలిన్ చేసే పని అది. పుస్తకం మూసిన కాసేపటికి సర్దుకుంటుంది. ఆరోగ్యంగా వున్న పిల్లకు దానివల్ల హాని లేదు. కొన్ని జాగ్రత్తలు మాత్రం పాటించండి.

1. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు ఇది వద్దు. రక్తం, కాన్పు వర్ణనలు, చిన్నపిల్ల మీద జరిగిన అత్యాచారం ప్రస్తావన వున్నాయి. పదహారేళ్ళ పిల్ల చదవచ్చు.

2. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. నవల సాయంత్రం చదవమనండి. మూర్ఛవ్యాధి వున్న పిల్లలకు నిద్ర చెడితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు.

3. ఇదివరకే ఎవరిచేతనైనా చెరుపుకు గురైన పిల్లకు ఇది పాత గాయాన్ని కెలకవచ్చు. చదువుతూ ముడుచుకుపోవడం, అన్నం మానడం, ఒంటరిగా ఏడవడం గమనిస్తే కోప్పడకుండా పక్కన కూర్చోండి. మానసిక సహాయానికి 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

4. గర్భిణి చదివితే బిడ్డకు అవలక్షణాలు వస్తాయన్నది వట్టిమాట. అయితే కొందరికి కాన్పంటేనే విపరీతమైన భయం వుంటుంది. టోకోఫోబియా అంటారు. అటువంటివారు, తొలిచూలువారు ఈ నవలను కాన్పు తర్వాతకి వాయిదా వేసుకుంటే మంచిది. ఆ కాన్పు గదులు వేరే కాలానివి. మన ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని వుండనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. అడగడం మీ హక్కు.

నవల చెప్పనిది మీరు చెప్పండి

మీ అమ్మాయి ఆ పుస్తకం చదువుతోందంటే, అడగడానికి నోరు రాని ప్రశ్నలు తన దగ్గర వుండవచ్చు. సందర్భం దొరికింది కనుక ఈ నాలుగు సంగతులు తేటగా చెప్పండి.

బహిష్టు తేదీలు రాసుకోవడం నేర్పండి. చిన్నవయసులో నెలసరి అటూ ఇటూ అవడం మామూలే గనుక గర్భం వచ్చినా మూడు, నాలుగు నెలలు ఎవరూ పసిగట్టరు. మూత్రపరీక్ష పట్టీ మందుల షాపుల్లో దొరుకుతుంది, ఆశా కార్యకర్తలూ ఇస్తారు.

బలాత్కారం జరిగితే స్నానానికి కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకురండి. ప్రభుత్వాస్పత్రి గాని, ప్రైవేటు ఆస్పత్రి గాని ఉచితంగా వైద్యం చేసితీరాలి. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్ర 72 గంటల లోపల, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది.

గర్భం నిలిస్తే జిల్లేడు పుల్లలు, నాటు మందులు, షాపులో అడిగి కొన్న మాత్రలు వద్దు. గర్భసంచికి చిల్లుపడి, చీము పట్టి, ఆఖరి ఘడియలో ఆస్పత్రికి తెచ్చినవాళ్ళందరినీ మేము దక్కించుకోలేం. మన దేశంలో 1971లోనే గర్భస్రావ చట్టం వచ్చింది. 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు, మైనరు పిల్లల వంటి కొందరి విషయంలో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు నిర్ణయించి చేయవచ్చు. పద్ధెనిమిది నిండని పిల్లకు సంరక్షకుల సంతకం కావాలి.

'పోలీసులకు తెలుస్తుంది, పేరు బయటికి వస్తుంది' అని చాలామంది రారు. మైనరు గర్భం సంగతి పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం డాక్టరుకు వుంది. అయితే పిల్ల, సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కరలేదని 2022 సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బిడ్డను కని, పెంచలేని పరిస్థితి వస్తే బాలల సంక్షేమ సమితి ఎదుట అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి చట్టం రెండు నెలల గడువు ఇస్తుంది. ఆ అమెరికన్ పిల్లల్లో చాలామంది చేత పురిటి మంచం మీదనో, ఆ తర్వాత కొద్దిరోజుల్లోనో సంతకం పెట్టించేశారు. ఏ పిల్లకైనా ఆపద అనిపిస్తే 1098కి ఫోను చేయవచ్చు. పెళ్ళి పేరిట వచ్చే ఆపదకు కూడా అదే నంబరు.

అమ్మా! పరువు గురించి మీ బెంగ నాకు తెలుసు. కాని మీ అమ్మాయికి ఎప్పుడైనా కష్టం వస్తే మొదట ఎవరితో చెప్పుకుంటుందన్నది ఇవాళ మీరు ఆ పుస్తకాన్ని చూసి ఏమంటారన్నదాన్నిబట్టి వుంటుంది. విసిరికొడితే, ఈ సంగతులు అమ్మతో మాట్లాడకూడదని నేర్చుకుంటుంది. ఈ రాత్రి లైటు ఆర్పమని చెప్పేముందు, కథ ఎంతదాకా వచ్చిందో అడగండి. ఫెర్న్ అనే ఆ పిల్లను చూస్తే తనకేమనిపించిందో చెప్పమనండి. తను చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో అడ్డుపడకండి.